సభలో మిగిలిన ప్రశ్న

ఎండలు ముదిరిన దినములలో మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలకు పోయినవారి చెవిని ఒక మాట పడుచుండును: "మా వూర్లో బారతం జరుగుతా వుంది." భారతము చదువుచున్నారనరు, నాటకము చూపుచున్నారనరు, జరుగుచున్నదందురు. ఆ యొక్క క్రియాపదమునందే ఆ ఉత్సవపు మర్మమంతయు ఇమిడియున్నది.

పూర్వపు చిత్తూరు జిల్లాలో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళు పెక్కు గలవు. పొరుగున నున్న తమిళదేశమున జింజి ప్రాంతము ఈ ఆరాధనకు పట్టుగొమ్మ. దీనిని గూర్చి అమెరికా పండితుడు ఆల్ఫ్ హిల్టెబైటెల్ 1988లోను, 1991లోను రెండు బృహత్సంపుటములను వెలువరించినాడు. తెలుగు, తమిళము, కన్నడము కలిసికొను కుప్పపు సీమలో ఈ కథ భాషల యెల్లలను ఎఱుగక సాగుచున్నది. ధ్వజమెత్తుటతో మొదలై, పదునెనిమిది పర్వములకు గుర్తుగా సాధారణముగా 18 దినములు ఉత్సవము నడచును. పగలు హరికథ, రాత్రి తెల్లవారువఱకు వీధినాటకము. కాని కథ రంగస్థలముపైననే నిలిచిపోదు. బకాసురునికి కూడు గొనిపోవు భీముని బండి నిజముగానే వీధుల వెంట పోవును. అర్జునుడు తపస్సునకై ఎత్తయిన మ్రాను ఎక్కును. అతడు పైనుండి విసరు నిమ్మపండ్లకై సంతానము కోరు స్త్రీలు తడిబట్టలతో ఆ మ్రాని మొదట సాగిలపడియుందురు. కడపటి దినమున ఊరి వెలుపల మట్టితో మలచిన దుర్యోధనుడు కూలును. సాయంకాలము భక్తులు నిప్పులగుండము త్రొక్కుదురు. ఇచ్చట చూచువాడెవడు, ఆడువాడెవడు? ఊరంతయు పాత్రధారియే.

ఇటువంటి ఆటనే ఉత్తర ఐరోపా దేశములవారు మఱియొక త్రోవలో కనుగొనిరి. 'లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్' అను దీనిని సంక్షేపముగా లార్ప్ అందురు. ఇందు వేరుగా ప్రేక్షకులుండరు. ముందు వ్రాసియుంచిన సంభాషణలుండవు. పాత్ర స్వభావమును, పరిస్థితిని తెలిసికొని కొన్ని గంటలో, కొన్ని దినములో ఆ మనుష్యులుగా మెలగుదురు. 1997లో ఓస్లో నగరమున మొదలైన క్నూటెపుంక్ట్ సమావేశము ఈ కళను గూర్చిన చర్చకు నెలవైనది. ఈ ఆటలలో కత్తులు, రాక్షసులు గలవియే కాక, విడిపోవనున్న భార్యాభర్తల సంక్షోభమే వస్తువైనవియు గలవు. నమ్మకము చెడిన భర్తగా, నోరు పెగలని భార్యగా మెలగి, ఆట ముగిసిన పిమ్మట కూర్చుండి తమకేమి తోచినదో చెప్పుకొందురు.

అంతకు ఎంతో మున్ను, 1920 తరువాతి యేండ్లలో, వియన్నాలో జేకబ్ మొరెనో అను వైద్యుడు ఆశునాటకశాల నొకదానిని నడపెను. అందలి నటి యొకతె రంగముపై సౌమ్యురాలు. ఇంటిలో మాత్రము కఠినురాలని ఆమె భర్త మొఱపెట్టుకొనెను. మొరెనో ఆమెకు కఠినములైన వేషములీయసాగెను. ఆమె కోపము రంగముపైననే తీఱి, ఇంటిలో తగ్గెనట. ఆపై ఆ దంపతులిద్దఱిచేత వారి ఇంటి ఘట్టములనే ఆడించెను. సైకోడ్రామా అను చికిత్సా పద్ధతికి దారితీసిన అనుభవములలో ఇది యొకటి యని అతడు వ్రాసినాడు.

మన పల్లెలలో జరుగు భారతమునందలి దాంపత్య సంక్షోభము ఇంతకంటె ఘోరమైనది. ధర్మరాజు సంపదను, తమ్ములను, తుదకు తన్ను ఒడ్డి ఓడిన పిమ్మట భార్యను ఒడ్డెను. పిలువవచ్చిన ప్రాతికామితో ద్రౌపది ఒక ప్రశ్న పంపినది. తన భర్త ముందుగా తన్నోడినాడో, ఆమెనోడినాడో అడిగి రమ్మన్నది. తన్నే కోల్పోయినవానికి భార్యను ఒడ్డు అధికారమెక్కడిది? ధర్మము సూక్ష్మమని భీష్ముడు తప్పుకొనెను. ధర్మరాజు పలుకలేదు. కౌరవసోదరులలో వికర్ణుడొక్కడే ఆమె పక్షమున లేచెను. తుదకు ధృతరాష్ట్రుడు వరములీయగా, ఒక వరమున ధర్మరాజును, రెండవ వరమున తక్కిన నలువురను దాస్యమునుండి విడిపించి, మూడవ వరము కోరనన్నది. భర్తలు బయటపడిరి; ప్రశ్న మాత్రము సభలోనే మిగిలిపోయినది.

ఆ రాత్రి గుడి ముందు చాపలు పఱచుకొని కూర్చున్నవారిని ఒక్కమాఱు తలచుకొందము. ఇంటి బంగారమును పేకాటలో పోగొట్టినవాడు వారిలో ఉండవచ్చును. ఆడువారి వరుసలో అతని భార్యయు ఉండవచ్చును. ఆమె ఇంటిలో ఎన్నడును పైకనజాలని మాట దీపముల వెలుగులో, ఊరి పెద్దలందఱు వినుచుండగా వెలువడును. సంప్రదాయము ప్రకారము ఆ ద్రౌపది వేషము కట్టువాడు పురుషుడే. పగలు తన ఇంటికి యజమానియైనవాడు రాత్రి చీరకట్టి, జుట్టు విరబోసికొని, అంతమంది మగవారిని నిలదీయవలెను. తన భార్య నిలుచుచోట ఒక్క రాత్రియైనను నిలిచి చూచు అవకాశము అతనికి వేషము కల్పించినది. వేయి నీతివాక్యములు చేయజాలని పని యిది.

అయినను ఒక సందేహము మనలను వదలదు. ద్రౌపదిని దేవతగా కొలుచు ఊరిలో ఇల్లాలి మాటకు విలువ పెరిగినదా? పట్టాభిషేకమైన మఱునాడు పందిరి విప్పుదురు, వేషము కడిగికొందురు, రాత్రి వినిన ప్రశ్నను ఇంటికి తీసికొనిపోవువారు అరుదు. లార్ప్ ఆడువారు ఆట చివర కూర్చుండి మాటాడుకొను ఆ కడపటి మెట్టు మనకు కొఱవడినది. వ్యాసభారతము దానిని మఱవలేదు. అరణ్యపర్వమున, ద్వైతవనములో, ద్రౌపదీ ధర్మరాజులు ఎదురెదుట కూర్చుండి ఓర్పును గూర్చి, కోపమును గూర్చి వాదించుకొనిరి. ఎవరును పూర్తిగా గెలువలేదు. కాని సభలో పలుకని భర్త అడవిలో పలికినాడు. కలిసి బ్రదుకుటకు అంతమాత్రము చోటు కావలెను.

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి మానవసంబంధమును అద్దముతో పోల్చి పలుమాఱులు ప్రసంగించినారు. ఆ అద్దమును తరగతి గదిలోనికి తెచ్చుట కష్టము కాదు. ఉపాధ్యాయులు సభాపర్వమును పాఠముగా చెప్పునపుడు ఒకనాడు పుస్తకము మూసి, బాలునికి ద్రౌపది పాత్రను, బాలికకు ధర్మరాజు పాత్రను ఇచ్చి చూడవలెను. తక్కిన పిల్లలు సభాసదులు. ఎవరును కంఠస్థము చేసిన మాట పలుకరాదు. ఆట ముగిసినపిమ్మట, నీ కేమి తోచినదని ప్రతి పిల్లవానిని అడుగవలెను. ఉపాధ్యాయుడు మాత్రము తీర్పు చెప్పరాదు. భీష్ముడంతటివాడు చెప్పలేని సమాధానము పరీక్షకు పనికిరాకపోవచ్చును. రేపు తమ తమ ఇండ్లలో దానిని వెదకవలసినవారు ఆ పిల్లలే.