బ్యాటరీ రంపం – తీసుకోవలసిన జాగ్రత్తలు

మన సంచికలో హాస్టల్ జ్ఞాపకాలు, కవితలు, ఉద్యోగాల సలహాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒక పనిముట్టు గురించి రాస్తున్నాను. కారణం లేకపోలేదు. సెలవులిస్తే మనలో చాలామంది ఇంటికి వెళ్ళేది విశ్రాంతికి కాదు, కూలికి. నున్న, ఆగిరిపల్లి, నూజివీడు, మైలవరం వైపు వాళ్ళకు ఆ కూలి ఎక్కువగా మామిడి తోటల్లోనే. కాయ దిగి నున్న మార్కెట్ సద్దుమణిగాక, జూన్, జూలై నెలల్లో ఎండుపుల్లలు తీయడం, గుబురు కొమ్మలు కత్తిరించడం మొదలవుతుంది. ఒకప్పుడు దీనికి కత్తి, గొడ్డలి, చేతి రంపం వాడేవారు. ఇప్పుడు చాలా తోటల్లో బ్యాటరీ రంపం చేతికిస్తున్నారు.

పెట్రోలు రంపాన్ని చూస్తే ఎవరికైనా భయం వేస్తుంది. దాని మోతకు, పొగకు అలవాటు లేనివాడు దూరంగా జరుగుతాడు. బ్యాటరీ రంపం అలా కాదు. కిలో, రెండు కిలోల బరువు ఉంటుంది, మీట నొక్కేదాకా శబ్దం ఉండదు, చూడటానికి డ్రిల్లింగ్ మిషన్‌లా ఉంటుంది. అందుకే "పది నిమిషాల పనేరా, ఎక్కి కోసెయ్" అని కుర్రవాడి చేతికి ఇచ్చేస్తారు. అసలు ప్రమాదం ఈ తేలికతనంలోనే ఉందని నా అభిప్రాయం.

ముందు బ్యాటరీ సంగతి. డబ్బా మీద 21 వోల్టులని ఉంటే పెద్దది, 18 అని ఉంటే చిన్నది అనుకోకండి. సాధారణంగా రెండింటిలోనూ ఉండేది వరుసగా ఐదు లిథియం సెల్స్. ఒక్కో సెల్ మామూలుగా 3.6 వోల్టులు, నిండా చార్జ్ అయితే 4.2. ఐదుతో గుణించి చూడండి. (ఫిజిక్స్ చదివినవాణ్ణి కదా, ఈ లెక్క చెప్పకుండా ఉండలేకపోయాను.) లెక్క కంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. పెట్రోలు ఇంజను ఆపితే మళ్ళీ తాడు లాగి స్టార్ట్ చేయాలి. దీనికి బ్యాటరీ ఉన్నంతసేపూ ఒక వేలు చాలు. కాబట్టి గొలుసు బిగించేటప్పుడు, ఇరుక్కున్న పుల్ల తీసేటప్పుడు, నూనె వేసేటప్పుడు, ఇంకొకరికి అందించేటప్పుడు ముందుగా బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాలి. మా నాన్న గొడ్డలి పదును బొటనవేలితో చూసేవాడు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. మీట పక్కన ఉండే లాక్ బటన్‌ను రబ్బరు బ్యాండుతో కట్టేసి ఇస్తే ఆ రంపాన్ని తీసుకోవద్దు.

గొలుసు తిరిగే ఇనుప పట్టీని బార్ అంటారు. బార్ అడుగువైపు గొలుసు మన వైపుకు, పైవైపు అవతలికి పరుగెడుతుంది. అడుగువైపుతో కోస్తే రంపం కొమ్మను పట్టుకుని నిలకడగా ఉంటుంది. బార్ కొస పైభాగం ఇంకో కొమ్మకు తగిలిందా, పళ్ళు అక్కడ పట్టుకుని రంపం ఎగిరి మన ముఖం మీదికి వస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది, తప్పుకునే వ్యవధి ఉండదు. మామిడి చెట్టు లోపల గుబురు కాబట్టి కోసే కొమ్మ వెనక ఏముందో కనపడదు. ముందు కత్తితో సన్నపుల్లలు తీసి చోటు చేసుకోండి. రంపం భుజం ఎత్తు దాటకూడదు, తల దాని దారిలో ఉండకూడదు.

రెండు పిడులుంటే రెండు చేతులతో పట్టుకోవాలి. నాలుగు అంగుళాల చిన్న రంపాలకు ఒక్క పిడే ఉంటుంది. అప్పుడు ఎడమ చెయ్యి ఖాళీగా ఉండి, తెలియకుండానే కోసే కొమ్మను పట్టుకుంటుంది. వేళ్ళు తెగేది అక్కడే. ఆ చెయ్యి బారుకు దూరంగా ఉండాలి. లుంగీ, మెడలో తువ్వాలు వద్దు. ప్యాంటు, బూట్లు, కళ్ళద్దాలు ఉండాలి. రంపం ఇచ్చే రైతునో మేస్త్రీనో ఇవి కూడా ఇమ్మని అడగడంలో తప్పు లేదు. 18 ఏళ్ళు నిండని తమ్ముళ్ళు మాత్రం ఈ పనికి ఒప్పుకోవద్దు.

రంపంతో చెట్టెక్కడం నేను ఎవరికీ చెప్పను. మామిడి చెట్టు మీద ఎర్రచీమల గూళ్ళు సంగతి మీకు తెలుసు. చీమ కుట్టగానే చెయ్యి వదిలేస్తాం, ఆ చేతిలో రంపం ఉంటుంది. కింద నుంచే కోసేందుకు పొడవైన గడకు అమర్చే రంపాలు ఉన్నాయి. వాటితో ఇంకో గండం కరెంటు తీగలు. తోటల మీదుగా 11 కె.వి. లైన్లు పోతుంటాయి. అల్యూమినియం గడ వాటికి తగిలితే ప్రాణం దక్కదు. పచ్చి కొమ్మ తగిలినా కరెంటు వస్తుంది. తీగకు పది అడుగుల లోపు ఉన్న కొమ్మ జోలికి వెళ్ళకుండా లైన్‌మన్‌కు చెప్పి, ఎల్.సి. తీసుకుని సరఫరా ఆపించాకే కోయించాలి. రైతు తొందరపడినా ఆగండి.

లావు కొమ్మను ఒక్క కోతలో తెగ్గొట్టకూడదు. సగం తెగాక బరువుకు విరిగి మాను బెరడు చీలుతుంది, రంపాన్నీ లాక్కుపోతుంది. మానుకు ఒక అడుగు దూరంలో ముందు కిందినుంచి మూడోవంతు కోయాలి. తరవాత దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా పడిపోతుంది. మిగిలిన మోడును, మాను దగ్గర ఉబ్బుగా ఉండే మెడ తెగకుండా, దాని పక్కనే తీయాలి. గాయానికి బోర్డో పేస్ట్ పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు. ఇనప బకెట్‌లో కలపకూడదు.

వేడెక్కిన బ్యాటరీని చల్లారాకే చార్జింగ్ పెట్టాలి. ఎండలో, బండి డిక్కీలో ఉంచకూడదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరద మనం మరిచేది కాదు. అలా నీళ్ళలో మునిగిన లిథియం బ్యాటరీ ఎండినట్టు కనిపించినా చార్జింగ్ పెడితే మంట పట్టవచ్చు. ఉబ్బినదీ అంతే.

ఒకవేళ తెగితే పసుపు, కాఫీపొడి, మట్టి వేయకండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకెత్తి ఉంచి, 108కి ఫోన్ చేయండి. రక్తం ఆగిందో లేదోనని గుడ్డ మాటిమాటికీ తీసి చూడవద్దు. తడిసిపోతే దానిమీదే ఇంకో గుడ్డ వేయండి. వేలు ఊడిపోతే దాన్ని తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి బిగించి, ఆ కవరును ఐసు మీద ఉంచి మనిషితోపాటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వేలిని నేరుగా ఐసులో వేస్తే పాడైపోతుంది, మళ్ళీ అతికించడం కష్టం.