ఎడ్మంటన్: మంచు నగరంలో చందాలతో లేచిన మసీదు

"మా వాడికి కెనడాలో సీటొచ్చింది." ఈమధ్య మన ఇళ్లల్లో తరచుగా వినిపిస్తున్న మాట ఇది. టొరంటో అంటే అందరికీ తెలుసు. కానీ 'ఎడ్మంటన్' అనగానే అమ్మీ ముఖంలో ఒక ప్రశ్న. ఎక్కడుందది? చలి ఎంత? హలాల్ దొరుకుతుందా? నమాజుకు మసీదు ఉందా?

చివరి ప్రశ్నకు జవాబు వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. మసీదు ఉండటమే కాదు, కెనడా మొత్తంలో మసీదుగా కట్టిన మొట్టమొదటి భవనం ఉన్నది ఈ ఊళ్లోనే. టొరంటోలో కాదు, మాంట్రియల్‌లో కాదు. మంచు, గోధుమ పొలాలు తప్ప ఇంకేమీ లేదని అందరూ అనుకునే ఎడ్మంటన్‌లో. దాన్ని ఎవరు కట్టారు, తర్వాత కూల్చివేత దాకా వెళ్లినదాన్ని ఎవరు నిలబెట్టారు అన్నది మనం తెలుసుకోవాల్సిన కథ. దాంతోపాటు ఆ నగరాన్ని కూడా ఒకసారి చుట్టి వద్దాం.

నది ఒడ్డున కోట

కెనడా పశ్చిమ భాగంలో వందల కిలోమీటర్లు పరుచుకున్న పచ్చిక మైదానాలను ప్రెయిరీ అంటారు. ఆ ప్రాంతంలోని అల్బర్టా రాష్ట్రానికి రాజధాని ఎడ్మంటన్. ఇదే రాష్ట్రంలోని మరో పెద్ద నగరం కాల్గరీ ఇక్కడికి దక్షిణాన సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2021 జనాభా లెక్కల్లో ఎడ్మంటన్ జనాభా 10 లక్షలు దాటింది.

ఊరి మధ్యనుంచి నార్త్ సస్కాచువాన్ నది పారుతుంది. రెండు ఒడ్డులా లోతైన లోయ, చెట్లు, నడక దారులు. ఈ నేల మొదటినుంచీ క్రీ తదితర ఆదివాసీ ప్రజలది. 1795లో హడ్సన్స్ బే కంపెనీ జంతు చర్మాల వ్యాపారం కోసం ఇక్కడ ఎడ్మంటన్ కోటను పెట్టింది. ఊరికి ఆ పేరే వచ్చింది. కోట అనగానే మన గోల్కొండను ఊహించుకోకండి. ఇది కర్ర దుంగలతో కట్టిన వ్యాపార స్థావరం. కాలక్రమంలో చోటు కూడా మారుతూ వచ్చింది.

1905లో అల్బర్టా రాష్ట్రంగా ఏర్పడింది. ఆ తర్వాత చివరి కోటకు పైనున్న గట్టుమీద గోపురంతో అసెంబ్లీ భవనం లేచింది. కొన్నాళ్లు పాత కర్ర కోట, కొత్త రాతి అసెంబ్లీ పక్కపక్కనే ఉన్నాయి. 1915లో కోటను విప్పేశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

అసెంబ్లీ దగ్గరే హై లెవెల్ బ్రిడ్జి ఉంది. 1913లో ప్రారంభమైన ఈ ఉక్కు వంతెన పొడవు 777 మీటర్లు. ఒకప్పుడు దీనిమీద రైలు, ట్రామ్, మోటారు బండ్లు, పాదచారులు అందరూ వెళ్లేవారు. ఇప్పటికీ వేసవిలో పాతకాలపు ట్రామ్ బండి దానిమీద నడుస్తుంది. ఊరి దశ పూర్తిగా మారింది మాత్రం 1947 ఫిబ్రవరిలో. దగ్గర్లోని లెడ్యూక్ వద్ద చమురు పడింది. అక్కడినుంచి ఎడ్మంటన్ చమురు నగరమైపోయింది.

ముందు డబ్బు తెండి, స్థలం ఇస్తాం

మన కథ చమురు పడకముందుది, అంటే 1930ల నాటిది. అప్పట్లో అల్బర్టాలో ఉన్న ముస్లింలు చాలా కొద్దిమంది. ఎక్కువమంది ఇప్పటి లెబనాన్, సిరియా ప్రాంతాలనుంచి వచ్చినవాళ్లు. వీపున మూట కట్టుకుని ఊరూరా తిరిగి బట్టలు, సూదులు, దారాలు అమ్మినవాళ్లు కొందరు. వ్యవసాయం చేసినవాళ్లు కొందరు. ఉత్తరాదికి వెళ్లి చర్మాల వ్యాపారం చేసినవాళ్లు ఇంకొందరు. నమాజులు ఇళ్లల్లోనే జరిగేవి. పిల్లలు పెరుగుతున్నారు. వాళ్లకు దీన్ ఎక్కడ నేర్పాలి, నికాహ్ ఎక్కడ జరపాలి, జనాజా నమాజ్ ఎక్కడ చదవాలి అన్న బెంగ పెద్దలకు పట్టుకుంది.

అప్పుడు ముందుకొచ్చింది హిల్వీ హమ్దాన్ అనే ఇల్లాలు. లెబనాన్‌నుంచి వచ్చినావిడ. భర్త అలీ చర్మాల వ్యాపారి. ఆమె మరికొందరు స్త్రీలను వెంటబెట్టుకుని నేరుగా మేయర్ జాన్ ఫ్రై దగ్గరికి వెళ్లింది. మసీదుకు స్థలం కావాలని అడిగింది. డబ్బు మీ దగ్గర ఉందా అని మేయర్ అడిగారు. అవసరమైంది సుమారు 5 వేల డాలర్లు. ఈరోజు ఆ అంకె చిన్నదిగా కనిపించవచ్చు. కానీ అది మహా మాంద్యం కాలం. ప్రెయిరీలో వానల్లేక పొలాలు దుమ్ము రేగుతున్న రోజులు.

ఆ స్త్రీలు వెనక్కి తగ్గలేదు. ఊరి ప్రధాన వీధి జాస్పర్ అవెన్యూలో దుకాణం దుకాణం తిరిగి చందా అడిగారు. ముస్లింలు ఇచ్చారు. అరబ్ క్రైస్తవులు ఇచ్చారు. యూదు వ్యాపారులూ ఇచ్చారు. అలా పైసా పైసా పోగై మసీదుకు దారి తెరుచుకుంది.

కట్టడానికి దొరికిన కాంట్రాక్టరు ఉక్రెయిన్ మూలాలున్న కెనడియన్. ఆయనకు చర్చిలు కట్టడం తెలుసు గానీ మసీదు ఎలా ఉంటుందో తెలీదు. అందుకే ఈ భవనాన్ని మొదటిసారి చూసేవారికి కాస్త తూర్పు ఐరోపా చర్చిలా తోస్తుంది. ముందువైపు రెండు మూలల్లో చిన్న గోపురాలతో రెండు మినార్లు, పైన నెలవంక. లోపల నమాజుకు హాలు. దాని కింద భూగర్భంలో భోజనాలకు, పెళ్లిళ్లకు, నలుగురూ కలుసుకోడానికి ఇంకో హాలు. పేరు అల్ రషీద్ మసీదు.

1938 డిసెంబరులో ప్రారంభమైంది. సభలో మేయర్ ఫ్రై ఉన్నారు. కార్యక్రమాన్ని నడిపించింది హన్నా అనే పట్టణానికి మేయర్‌గా ఉన్న ఒక అరబ్ క్రైస్తవుడు. ఇక ప్రసంగించిన అతిథి పేరు వింటే మన ఇళ్లల్లో పుస్తకాల అల్మారా వైపు చూస్తారు. ఆయనే అబ్దుల్లా యూసుఫ్ అలీ. ఖురాన్‌కు ఆయన చేసిన ఇంగ్లిష్ అనువాదం మన కుటుంబాల్లో ఎందరి దగ్గరో ఉంది. 1920ల మొదట్లో ఆయన కొంతకాలం హైదరాబాద్‌లో నిజాం కొలువులో పనిచేశారు కూడా. ఎక్కడి హైదరాబాద్, ఎక్కడి ఎడ్మంటన్!

కూల్చేస్తారన్నప్పుడు

కట్టడంతో కథ అయిపోలేదు. 1940లలో పక్కనున్న పాఠశాల అవసరాలకోసం మసీదును కొద్ది దూరం జరిపారు. దశాబ్దాలు గడిచాయి. వలసలు పెరిగాయి, జుమాకు చోటు చాలలేదు. 1982లో వేరేచోట పెద్ద అల్ రషీద్ మసీదు కట్టుకున్నారు. పాత భవనం ఖాళీ అయింది. దాని పక్కనే ఆసుపత్రి విస్తరణ మొదలైంది. పాత మసీదు అడ్డొచ్చింది. ఇక కూల్చేయడమే మిగిలింది.

సరిగ్గా ఇక్కడ మళ్లీ స్త్రీలే ముందుకొచ్చారు. 1982లో లీలా ఫాల్మన్ చొరవతో ఏర్పడిన కెనడా ముస్లిం మహిళల మండలి ఈ పని భుజాన వేసుకుంది. కొత్త మసీదు ఉంది కదా, పాతదెందుకు అని అనుకోవడం తేలికే. నమాజుకు చోటుకైతే కొత్త మసీదు చాలు. కానీ మన పెద్దలు ఈ నేలమీద ఎప్పటినుంచి ఉన్నారో చెప్పే సాక్ష్యం ఆ పాత భవనమే. అది పోతే, మీరంతా నిన్నమొన్న వచ్చినవాళ్లేగా అని ఎవరైనా అంటే చూపించడానికి ఏముంటుంది?

వాళ్లు అడిగింది ఫోర్ట్ ఎడ్మంటన్ పార్కులో చోటు. నది ఒడ్డునున్న ఈ పార్కులో ఊరి చరిత్రను వీధులుగా చూపిస్తారు. 1846 నాటి కోట, 1885 వీధి, 1905 వీధి, 1920 వీధి. అభ్యంతరాలు రాకపోలేదు. పార్కు చూపించే కాలం 1920లతో ఆగిపోతుంది, మసీదు కట్టింది 1938లో. అయినా మహిళలు పట్టు వదల్లేదు. చందాలు పోగుచేశారు, అధికారులను ఒప్పించారు. 1991లో భవనాన్ని వాహనంమీద ఎక్కించి పార్కుకు తీసుకొచ్చారు. మరుసటి ఏడాది అక్కడ సందర్శకులకోసం తలుపులు తెరిచారు.

ఇప్పుడు ఇందాకటి కోట సంగతికి వద్దాం. ఈ పార్కు పేరు కోట పేరే. కానీ లోపల కనిపించే కోట నమూనా చూసి తర్వాత కట్టిన నకలు. అసలుదాన్ని 1915లోనే విప్పేశారు కదా! మసీదు మాత్రం అసలుది. హిల్వీ, ఆమె తోటివారు చందా ఎత్తి కట్టించిన అదే భవనం.

ఈ ఇద్దరు స్త్రీలనూ నగరం మరిచిపోలేదు. ఎడ్మంటన్‌లో ఒక ప్రభుత్వ పాఠశాలకు హిల్వీ హమ్దాన్ పేరు, ఇంకో దానికి లీలా ఫాల్మన్ పేరు పెట్టారు.

షుగర్ ఉన్న ప్రతి ఇంటికీ తెలియాల్సిన వర్సిటీ

పిల్లలు ఎక్కువగా చేరేది అల్బర్టా విశ్వవిద్యాలయంలో. 1908లో మొదలైంది. మన ఇళ్లల్లో షుగర్ లేని కుటుంబం అరుదు కాబట్టి ఈ వర్సిటీ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి.

1921-22లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొన్నప్పుడు, దాన్ని మనిషికి ఎక్కించదగ్గట్టు శుద్ధి చేసింది జేమ్స్ కాలిప్. ఆయన అల్బర్టా వర్సిటీ అధ్యాపకుడే, సెలవుమీద టొరంటో వెళ్లి ఈ పని చేశారు. 2000లో ఇదే వర్సిటీ వైద్యులు 'ఎడ్మంటన్ ప్రోటోకాల్' అనే పద్ధతిని ప్రకటించారు. దాతల క్లోమంనుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలను వేరుచేసి, టైప్ 1 రోగుల కాలేయంలోకి ఎక్కించడం ఇందులోని కిటుకు. ఇది అందరికీ పనికొచ్చే చికిత్స కాదు. శరీరం ఆ కణాలను తిరస్కరించకుండా మందులు వాడుతూనే ఉండాలి. అయినా షుగర్ వైద్యంలో అదొక పెద్ద ముందడుగు. హెపటైటిస్ సి వైరస్ పరిశోధనకు 2020లో నోబెల్ అందుకున్న మైఖేల్ హౌటన్ కూడా ఇక్కడి ఆచార్యుడే.

ఆకలికి, చలికి, ఆటకు

కెనడాలో మొదటి ఫుడ్ బ్యాంక్ పుట్టింది ఎడ్మంటన్‌లో, 1981లో. దుకాణాల్లో మిగిలే తిండి పారేయకుండా తెచ్చి, అవసరమైనవారికి సంస్థల ద్వారా చేర్చడం దాని పని. చమురు డబ్బున్న ఊళ్లోనూ ఆకలి ఉంటుందని ఒప్పుకుని మొదలుపెట్టిన సంస్థ అది. ఇటీవలి సంవత్సరాల్లో కొరికే చలి రోజుల్లో ఇల్లు లేనివారు రాత్రి పడుకోవడానికి అల్ రషీద్ మసీదు తలుపులు తెరిచింది. వాళ్ల మతం ఏమిటని అడగలేదు. ఒకప్పుడు ఊరంతా చందా ఇచ్చి కట్టిన మసీదు పేరది. బాకీ తీర్చినట్టుంది.

అదే 1981లో వెస్ట్ ఎడ్మంటన్ మాల్ తెరుచుకుంది. కట్టినవాళ్లు ఇరాన్‌నుంచి వలస వచ్చిన గెర్మెజియన్ కుటుంబం. 800కు పైగా దుకాణాలు, లోపలే వాటర్ పార్క్, మంచుమీద జారే మైదానం. బయట మైనస్ 30 ఉంటే జనం ఇంకెక్కడికి వెళ్తారు మరి! అంతకుముందు 1978లో ఇక్కడ కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. ప్రకాశ్ పదుకొణె బ్యాడ్మింటన్ స్వర్ణం గెలిచింది ఇక్కడే. పంజాబ్‌లో పుట్టి, ఇక్కడి సిటీ బస్సు నడిపిన అమర్‌జీత్ సోహీ 2021లో ఇదే నగరానికి మేయర్ అయ్యారు.

ఖిబ్లా ఎటు?

కొత్తగా వెళ్లిన పిల్లలు తికమకపడే విషయం ఇది. మన దగ్గర పడమర వైపు తిరగడం అలవాటు. ఎడ్మంటన్‌లో ఉత్తరం నుంచి సుమారు 25 డిగ్రీలు తూర్పుకు తిరగాలి. గోడమీద మ్యాప్ చూస్తే ఇది తప్పనిపిస్తుంది. ఒక గ్లోబు తీసుకుని ఎడ్మంటన్‌నుంచి మక్కా దాకా దారం బిగించి పట్టి చూడండి. ఆ దారం ఉత్తర ధ్రువంవైపుగా వెళ్తుంది.

రెండోది సమయాలు. డిసెంబరు చివర్లో పగలు ఏడున్నర గంటలే. సాయంత్రం నాలుగుంపావుకే పొద్దు గుంకుతుంది. జొహర్, అసర్ ఒకదాని వెనకే ఒకటి వచ్చేస్తాయి. క్లాసులో ఉంటే రెండూ తప్పిపోయే ప్రమాదం ఉంది. జూన్‌లో పగలు 17 గంటలు, మగ్రిబ్ రాత్రి పది దాటాకే. రంజాన్ చలికాలంలో వస్తే రోజా చిన్నది, వేసవిలో వస్తే చాలా పొడుగు. స్థానిక మసీదు ఇచ్చే టైంటేబుల్‌నే పాటించాలి.

కాబట్టి మీ పిల్లలు ఎడ్మంటన్ వెళ్తుంటే సూట్‌కేసులో స్వెట్టర్లు, పచ్చళ్లు పెట్టడంతోపాటు ఒక మాట కూడా చెప్పి పంపండి. మాల్ ఎప్పుడైనా చూడొచ్చు. పార్కు తెరిచి ఉండే వేసవి రోజుల్లో మాత్రం ఒకసారి ఫోర్ట్ ఎడ్మంటన్‌కు వెళ్లి ఆ చిన్న మసీదు ముందు నిలబడమనండి. ఫొటో తీసి పంపమనండి. అది వచ్చాక ఇంట్లో ఆడపిల్లలకు చూపించి, దీన్ని కట్టించిందీ, కాపాడిందీ ఎవరో చెప్పండి.