కడలి దాటిన ఉగాది

తెలుగువారి పండుగలలో ఉగాది మొదటిది. చైత్ర శుద్ధ పాడ్యమి నాడు కొత్త సంవత్సరం ఆరంభమవుతుంది. ప్రభవ మొదలుకొని అక్షయ వరకు అరవై సంవత్సరాల పేర్లు వరుసగా తిరిగి వస్తుంటాయి. అయితే పంచాంగం విప్పకముందే ఉగాది రాకను చెట్లు తెలియజేస్తాయి. ఈ మాటలోని సత్యం గ్రహించాలంటే మామిడి తోటల నడుమ ఉన్న నూజివీడును చూడాలి.

నూజివీడు ఏలూరు జిల్లాలోని పట్టణం. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. ఈ పేరు వినగానే తెలుగువారికి చిన్నరసాలు, పెద్దరసాలు గుర్తుకు వస్తాయి. పట్టణం చుట్టూ, ఆగిరిపల్లి, చాట్రాయి, విస్సన్నపేట పరిసరాలలోనూ రసాలతోపాటు బంగినపల్లి, కలెక్టరు కాయల తోటలు ఉన్నాయి. చలికాలంలో మామిడి పూతకు వస్తుంది. పూసిన పువ్వంతా కాయ కాదు. మంచుకు కొంత మాడిపోతుంది. తేనెమంచు పురుగు వల్ల కొంత నశిస్తుంది. గాలికి మరికొంత రాలిపోతుంది. నిలిచినది పిందె కడుతుంది. ఉగాది నాటికి ఆ పిందె పుల్లని లేత కాయ అవుతుంది. రైతు చెట్టువైపు చూసి ఆ ఏటి కాపును అంచనా వేసుకునే కాలం కూడా అదే.

ఉగాది పచ్చడిలోని వస్తువులన్నీ ఈ కాలం ఇచ్చినవే. చెరకు గానుగ ఆడిన తరువాత కొత్త బెల్లం వస్తుంది. చెట్టు దులిపి, తొక్క ఒలిచిన కొత్త చింతపండు ఇంటికి చేరుతుంది. వేప పూత పూస్తుంది. మామిడి కాయ అందుతుంది. వీటికి ఉప్పు, కారం చేరితే తీపి, పులుపు, చేదు, వగరు, ఉప్పు, కారం అనే ఆరు రుచులు ఒక్కచోట కలుస్తాయి. జీవితంలోని సుఖదుఃఖాలను సమానంగా స్వీకరించాలన్నది ఈ పచ్చడికి పెద్దలు చెప్పే అర్థం. తోటల మధ్య పెరిగే పిల్లలకు ఈ పండుగను ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కరలేదు. వేపచెట్టు కింద గుడ్డ పరచి పువ్వు ఏరడం, గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టడం, కాయ ముక్కను ఉప్పుకారం అద్దుకొని తినడం వంటి పనులే వారికి పాఠాలు.

చదువుల కోసం, ఉద్యోగాల కోసం విదేశాలకు తరలివెళ్లిన కుటుంబాలకు ఈ సౌలభ్యం లేదు. ఉత్తర అమెరికాలోని అనేక నగరాలలో ఉగాది నాటికి చలి పూర్తిగా తగ్గదు. గడ్డకట్టే చలికి వేపచెట్టు బతకదు. అందువల్ల స్వదేశం నుండి తెచ్చుకొని దాచుకున్న ఎండు వేపపువ్వే ఆధారం. మామిడికాయ అంగడిలో దొరికినా, అది ఏ దేశపు తోటలో కాసిందో పిల్లలకు తెలియదు. తిథి ఆయా ప్రాంతాల సూర్యోదయాన్ని అనుసరించి నిర్ణయమవుతుంది కాబట్టి, కొన్ని సంవత్సరాలలో అక్కడి పండుగ స్వదేశంకంటే ఒకరోజు ముందుగా వస్తుంది. ఆ రోజు బడికి, కార్యాలయానికి సెలవు ఉండదు. ఇంట్లో తెల్లవారుజామునే పచ్చడి కలిపి, తెలుగు సంఘాల ఉత్సవాన్ని వారాంతానికి జరుపుకుంటారు.

ఇటువంటి ఇంట్లో నాలుగైదేళ్ల పసివాడు పచ్చడి నాలుకపై పెట్టుకోగానే ముఖం చిట్లించి, “చేదుగా ఉన్నదాన్ని పండుగనాడు ఎందుకు తినాలి?” అని అడగడం సహజం. నూజివీడులో ఈ ప్రశ్నకు పెరటిలోని చెట్టే సమాధానం చెబుతుంది. ప్రవాసంలో ఆ బాధ్యత తల్లిదండ్రులపై పడుతుంది. అందుకే వారు పిల్లల చేత బెల్లం తురిమిస్తారు. ఒక్కొక్క రుచి పేరు తెలుగులో పలికిస్తారు. దూరాన ఉన్న అమ్మమ్మ, తాతయ్యలతో దృశ్య సంభాషణ జరిపించి పూసిన వేపకొమ్మను చూపిస్తారు. ‘వగరు’ అన్న మాట పుస్తకంలో చదివితే సరిగా అర్థం కాదు. లేత మామిడి తొక్క కొరికిన పిల్లవాడు దానిని మరచిపోడు.

ఈ ప్రయత్నం ఎంతకాలం నిలుస్తుందన్న సందేహానికి మారిషస్ దీవి చరిత్ర కొంత సమాధానం ఇస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటలలో పనిచేయడానికి తెలుగువారు అక్కడికి వలస వెళ్లారు. కోరంగి రేవు పేరు మీదుగా వారిని ‘కొరింగీలు’ అని పిలిచేవారు. ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ ఉగాది వసంతంలో కాక వేసవి ముగిసే వేళ వస్తుంది. తరాలు గడిచేసరికి అనేక ఇళ్లలో వాడుక భాష క్రియోల్ అయింది. అయినా ఉగాది నిలిచింది. నేడు ఆ దేశంలో అది ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే. భాష ఇంటినుండి జారిపోయినా, పండుగ దానికి తిరిగి వచ్చే దారిని మూయలేదు.

అమెరికాలో చదివే పిల్లలు స్వదేశానికి ఎక్కువగా వచ్చేది వేసవి సెలవులలో. అక్కడి బడులు మూసేసరికి ఇక్కడ మామిడి కోతలు చివరికి వస్తాయి. వారు రసాలను జుర్రుకుంటారు గాని, చెట్టుకు పూతను, పిందెను చూడలేరు. పండు మాత్రమే తెలిసిన ఆ పిల్లలకు పూత నుండి పండు వరకు సాగే కథను చెప్పేది ఉగాది పచ్చడిలోని నాలుగు మామిడి ముక్కలే. ఆ కథ చెప్పే పెద్దలు, వినే పిల్లలు ఉన్నంతకాలం ఏ దేశంలోనైనా ఉగాది ఉగాదిగానే ఉంటుంది.