బొర్రా గుహలో నీటిబొట్టు

అరకు దారిలో బొర్రా గుహలను దర్శించిన పాఠకులు పైకప్పునుండి వ్రేలాడు రాతి ఊడలను చూచియే యుందురు. సున్నపురాయి నీట కరగునా? శుద్ధజలమున లీటరుకు సుమారు 14 మిల్లీగ్రాములే, కరగదన్నను తప్పులేదు. కాని వాననీరు అడవిమట్టిలో దిగునపుడు, వేళ్ళు విడిచిన బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పముగా ఆమ్లమగును. అందు సున్నపురాయి బైకార్బొనేటుగా మారి, పదిరెట్లకు పైగా కరగగలదు. ఆ బొట్టు గుహలోనికి రాగానే, గోలీసోడాలో గోలీ నొక్కినపుడువలె, వాయువు తప్పించుకొనును. ద్రావణము అతిసంతృప్తమై, మిగులు పదార్థము రాయిగా పేరుకొనును. నీరు ఆవిరియగుటచేతనే ఊడలు ఏర్పడునని పలువురు తలచెదరు. తేమనిండిన గుహలో ఆవిరికి అవకాశమెక్కడ? సందర్శకుల ఊపిరితో లోపల ఆ వాయువు హెచ్చినచో ఊడల పెరుగుదల మందగించును. చేతిజిడ్డు అంటినచోట కొత్తపొర సరిగా పట్టదు.