రాస్తే చాలదు.. పాఠకునికి చేరాలి
బ్లాగుకు సందర్శకులను తెచ్చే మార్గాలు ఇవీ

కనగానపల్లి: సాగు అనుభవాలు, గుడి చరిత్రలు, ఊరి ముచ్చట్లు రాసి భద్రపరచుకోవడానికి బ్లాగు చక్కని సాధనం. పైసా ఖర్చు లేకుండా గంటలో సిద్ధమవుతుంది. అయితే బ్లాగు తెరిచిన నెలకే చాలామందికి నిరుత్సాహం ఎదురవుతుంది. ఇంట్లోవారు, ఇద్దరు ముగ్గురు మిత్రులు తప్ప దాని వైపు తొంగిచూసేవారు ఉండరు. సందు చివర దుకాణం తెరిచి బోర్డు కట్టకపోతే బేరం ఎలా ఉంటుందో, రాసినదాన్ని నలుగురిలో పంచకపోతే బ్లాగు పరిస్థితీ అంతే. పంచుకునేందుకు అంతర్జాలంలో వేదికలకు కొదవ లేదు. వాటిని ఎలా వాడుకోవాలి, ఎంతవరకు నమ్ముకోవాలి అన్నది తెలుసుకోవడం అవసరం.

కూడలి చూపిన దారి

తెలుగులో బ్లాగులు మొదలైన తొలినాళ్లలో కంప్యూటరుపై తెలుగు రాయడమే కష్టంగా ఉండేది. వీవెన్ రూపొందించిన 'లేఖిని' ఆ ఇబ్బందిని చాలావరకు తీర్చింది. ఇంగ్లిషు మీటలతోనే యూనికోడ్ తెలుగు రాసే వీలు కల్పించింది. ఆయనే 2006లో ప్రారంభించిన 'కూడలి' తెలుగు బ్లాగులన్నింటిలోని కొత్త టపాల శీర్షికలను ఒకేచోట చూపించేది. జల్లెడ, హారం, మాలిక వంటివీ ఇదే బాటలో నడిచాయి. బ్లాగును ఒకసారి అక్కడ నమోదు చేస్తే చాలు, కొత్త టపా రాసినప్పుడల్లా శీర్షిక దానంతట అదే అక్కడ కనిపించేది. మారుమూల పల్లెలో కూర్చుని రాసిన మాట హైదరాబాదుకు, అమెరికాకు ఒకే క్షణంలో చేరేది. పాఠకులు ఉన్నచోటికి రాత వెళ్లాలన్న సూత్రాన్ని తెలుగువారికి నేర్పినవి ఈ సంకలినులే.

ఇదే కాలంలో విదేశాల్లో మరో పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. డెలిషియస్ (2003), డిగ్ (2004), రెడిట్ (2005) వంటి సైట్లలో పాఠకులే తమకు నచ్చిన పేజీల లింకులు చేర్చేవారు. డిగ్, రెడిట్‌లలో ఓట్లు కూడా వేసేవారు. ఎక్కువ ఓట్లు పడిన లింకు పైకి వచ్చేది. పైకి వస్తే ఒక్కరోజులో వేల మంది చూసేవారు. మరునాటికి ఆ రద్దీ తగ్గిపోయేది.

వేదికలు శాశ్వతం కావు

గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది. స్టంబుల్‌అపాన్ 2018 జూన్ నెలాఖరుతో ఆగిపోయింది. గూగుల్ ప్లస్‌ను సాధారణ వినియోగదారులకు 2019 ఏప్రిల్‌లో నిలిపివేశారు. బ్లాగులో రాసుకుని అక్కడ లింకు మాత్రమే ఉంచినవారికి ఒక దారి మూసుకుపోయింది, అంతే. రాతంతా ఆ వేదికపైనే పెట్టి, గడువులోగా దించుకోనివారికి మాత్రం రాతే పోయింది. కాబట్టి అసలు వ్యాసం బ్లాగులో ఉండాలి, వేదికపై దాని పరిచయం, లింకు ఉండాలి. బ్లాగు నకలును కూడా అప్పుడప్పుడు దించి దాచుకోవాలి. బ్లాగర్ సెట్టింగుల్లో ఇందుకు 'బ్యాకప్' సదుపాయం ఉంది.

ఎక్కడ పంచాలి?

వాట్సాప్: పల్లెల్లో అందరికీ అందుబాటులో ఉన్నది ఇదే. అయితే ఒకేసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా 2018లో మన దేశంలో పరిమితి వచ్చింది. కనుక ఎన్ని గ్రూపులకు పంపామన్నది కాదు, ఏ గ్రూపుకు పంపామన్నదే ముఖ్యం. వేరుసెనగలో ఆకుమచ్చ తెగులుపై రాసిన టపా రైతుల గ్రూపులో పనికొస్తుంది. పెళ్లి శుభాకాంక్షల గ్రూపులో విసుగు తెప్పిస్తుంది.

ఫేస్‌బుక్: స్నేహితులు, బంధువుల కబుర్లకే ప్రాధాన్యమిస్తామని ఈ సంస్థ 2018 జనవరిలో ప్రకటించింది. ఉత్త లింకు పెడితే పట్టించుకునేవారు తక్కువ. విషయాన్ని నాలుగు వాక్యాల్లో చెప్పి, ఒక మంచి ఫొటో జతచేసి, చివర లింకు ఇవ్వడం మేలు.

కోరా: ఇక్కడ తెలుగులోనే ప్రశ్నలు, జవాబులు ఉంటాయి. లేపాక్షి గురించో, పెనుకొండ కోట గురించో ఎవరైనా అడిగితే ముందు పూర్తి జవాబు రాయాలి. మరింత వివరం కావాలనేవారికి లింకు ఇవ్వాలి.

వికీపీడియా: ఇది ప్రచార వేదిక కాదు. సొంత బ్లాగు లింకులు చేర్చుకుంటూ పోతే వాటిని తొలగిస్తారు.

పేరులోనే ఉంది

పంచినప్పుడు మొదట కనిపించేది శీర్షిక, బొమ్మ. 'మా ఊరి విశేషాలు' అంటే ఏ ఊరో తెలియదు. 'దాదులూరు పోతలయ్య స్వామి జాతర: వెళ్లే దారి, వసతులు' అంటే అవసరమున్నవారు వెంటనే తెరుస్తారు. దానిని జాతర ముగిశాక కాకుండా వారం ముందు పంచితే ఫలితం ఎక్కువ.

ఊరి పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కనగానపల్లిని కొందరు కనగానపల్లె అని రాస్తారు. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడేవరకు ఈ మండలం అనంతపురం జిల్లాలో ఉండేది. పాత పేరుతో వెతికేవారు ఇప్పటికీ ఉంటారు. అందువల్ల టపాలో ఒక్కసారైనా రెండు జిల్లాల పేర్లు, ఊరి పేరు రెండు రూపాలు వచ్చేలా చూసుకోవాలి.

టపా చిరునామా మరో చిక్కు. శీర్షిక తెలుగులో ఉంటే బ్లాగర్ దానికి 'బ్లాగ్-పోస్ట్' అనే అర్థం లేని పేరు పెడుతుంది. ఇతర చోట్ల తెలుగు చిరునామాను కాపీ చేస్తే శాతం గుర్తులతో బారెడు పొడవున వస్తుంది. అది చూసి మోసపు లింకు అనుకుని కొందరు ముట్టుకోరు. ప్రచురించే ముందే చిరునామాను ఇంగ్లిషు అక్షరాల్లో రెండు మూడు పదాలతో ఇచ్చుకుంటే ఈ సమస్య ఉండదు.

వచ్చినవారు నిలవాలంటే..

ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో బ్లాగులోని గణాంకాల పేజీ చూపుతుంది. వాట్సాప్ ద్వారా వచ్చినవారి వివరం మాత్రం అందులో చాలాసార్లు తెలియదు. నెలకోసారి దాన్ని పరిశీలించి, పాఠకులను తేని వేదికపై శ్రమ తగ్గించుకోవాలి. తన లింకులు తప్ప మరేమీ పంచని వ్యక్తిని ఏ గ్రూపులోనూ ఆదరించరు. ఇతరుల మంచి రాతలను పంచడం, ప్రశ్నలకు బదులివ్వడం వల్లే నమ్మకం కలుగుతుంది.

పంచుకోవడం వల్ల వచ్చే రద్దీ వానాకాలపు వంక వంటిది. ఉధృతంగా వచ్చి త్వరగానే ఇంకిపోతుంది. ఏడాది పొడవునా పాఠకులు రావాలంటే ఎప్పుడు వెతికినా పనికొచ్చే విషయం బ్లాగులో ఉండాలి. కదిరి పరిశోధన కేంద్రం వారి 'కదిరి లేపాక్షి' వేరుసెనగ రకాన్ని సాగుచేసిన రైతు తన ఖర్చు, దిగుబడి లెక్కలు రాసిపెడితే, మరుసటి ఖరీఫ్‌కు మరో రైతు వెతుక్కుంటూ వస్తాడు. పెద్దల నోటి వెంట మాత్రమే మిగిలిన గ్రామ చరిత్రలకూ ఇదే వర్తిస్తుంది. వాట్సాప్‌లో పంపితే వారంలో కిందికి జారిపోయే ఆ సమాచారం బ్లాగులో ఉంటే, రేపటి తరానికి వెతికిన వెంటనే దొరుకుతుంది.