చుండ్రు మందు షాంపూలు తలకు హాని చేయునా?

చలిగాలులు మొదలు కాగానే శ్రోతల ఉత్తరములలో చుండ్రును గూర్చిన ప్రశ్నలు పెరుగును. ఆదిలాబాదు అడవి అంచులందు కార్తికము దాటిన పిదప చలి ఎట్లుండునో అక్కడివారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ దినములలో చర్మము పొడిబారును, తలస్నానములు తగ్గును, నల్లని చొక్కా భుజములపై తెల్లని పొట్టు రాలుచుండును. అంతట మందుల దుకాణమునకు పోయి ఒక సీసా తెచ్చుకొందురు. తెచ్చుకొన్న పిమ్మట భయము పట్టుకొనును. దీనితో జుట్టు ఊడునా? ఇందలి మందు కాలేయమును చెరచునట కదా? కాన్సరు కలిగించునట కదా? ఐరోపాలో నిషేధించిన దానిని మనకేల అమ్ముచున్నారు? ఇవి అర్థము లేని ప్రశ్నలు కావు. వీనిలో ప్రతిదాని వెనుకను ఒక నిజమైన సంగతి కలదు. అది సగమే ప్రచారమగుటచేత భయముగా మారినది. తక్కిన సగమును ఇక్కడ చెప్ప బూనితిమి.

చుండ్రు మురికివలన పుట్టునది కాదు, అంటువ్యాధియు కాదు. మన అందరి తలలపైనను మలాసేజియా అను ఈస్టుజాతి శిలీంధ్రము నివసించుచున్నది. 1874లో దానిని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ మలాసే పేరే దానికి నిలిచినది. తలచర్మమునందలి సూక్ష్మగ్రంథులు స్రవించు జిడ్డు దానికి ఆహారము. 2007లో దాని జన్యుక్రమమును చదివినవారికి ఒక వింత కనబడినది. క్రొవ్వు ఆమ్లములను స్వయముగా తయారుచేసికొను శక్తి దానికి లేదు. ఒకరి ఇంట వండినది తినవలసినదే. కనుక అది మన జిడ్డును విరుగగొట్టి, కావలసినది తాను తిని, ఓలియిక్ ఆమ్లము వంటివానిని చర్మముపై విడిచిపెట్టును. ఈ ఆమ్లము కొందరికి పడదు. పడనివారి చర్మము దురదపెట్టి, తన పైకణములను తొందరతొందరగా విసర్జించును. మామూలుగా సుమారు ఒక నెలకు, కంటికి కనబడకుండ రాలిపోవలసిన కణములు పండక మునుపే పొరలు పొరలుగా ఊడివచ్చును. అదియే చుండ్రు. యౌవనము వచ్చినవారిలో ఇంచుమించు సగముమందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది కలుగునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి.

షాంపూ అను మాట మన దేశమునుండియే పోయినది. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మహమ్మదు ఇంగ్లండునందలి బ్రైటను పట్టణములో స్నానశాల నడపి, ఒడలుపట్టుటకు ఆ పేరు వాడెను. తల కడుగు ద్రవమునకు ఆ పేరు తరువాత అంటుకొన్నది. మందు కలిపిన షాంపూల చరిత్ర ఇటీవలిది. సెలీనియం సల్ఫైడు షాంపూ 1951లో అమెరికాలో ఆమోదము పొందినది. జింకు పైరిథియోన్ కలిపిన హెడ్ అండ్ షోల్డర్స్ 1961లో వచ్చినది. కీటోకొనజోల్ 1970ల దశకమున బెల్జియమునందలి జాన్సెన్ ప్రయోగశాలలో పుట్టినది. ఈ మూడును శిలీంధ్రమును అణచునవి. కోల్ తారు, సాలిసిలిక్ ఆమ్లము వేరు తరగతివి. మొదటిది కణముల తొందరను తగ్గించును. రెండవది అట్టకట్టిన పొరను వదులుచేయును. సీసాను కొనునప్పుడు ముందువైపునున్న బొమ్మను చూచుటకంటె, వెనుకవైపున ఈ పేర్లలో ఏది ఉన్నదో చూచుట మేలు.

ఇక భయముల సంగతి. కాలేయమును గూర్చిన భయము కీటోకొనజోల్‌ను అంటిపెట్టుకొని ఉన్నది. ఈ మందును మాత్రలుగా మ్రింగినవారిలో కొందరికి కాలేయము తీవ్రముగా చెడుట నిజము. అందుచేతనే 2013 జులైలో ఐరోపా ఔషధసంస్థ శిలీంధ్రవ్యాధులకు ఆ మాత్రల అమ్మకమును నిలిపివేయవలసినదని సిఫారసు చేసినది. అమెరికా ప్రభుత్వమును అదే నెలలో వాని వాడుకను గట్టిగా పరిమితము చేసినది. అయితే అదే సందర్భమున ఐరోపా సంస్థ పైపూతలను, షాంపూలను వాడుకొనవచ్చునని స్పష్టముగా చెప్పినది. ఏలయన తలకు రాచి కడిగివేసిన మందు రక్తములోనికి చేరుట లేదు. వారమునకు నాలుగునుండి పది పర్యాయముల వరకు, ఆరు నెలలపాటు ఈ షాంపూతో తలంటుకొన్న 39 మంది రక్తమును పరీక్షించినప్పుడు అందులో మందు జాడ కనబడలేదు. మనము వాడవలసినది వారమునకు రెండు పర్యాయములు మాత్రమే.

సెలీనియం సల్ఫైడు కథయు ఇట్టిదే. 1980లో అమెరికాలో ఎలుకలకు, చుంచులకు దీనిని నేరుగా కడుపులోనికి ఎక్కించి చూచిరి. పెక్కింటికి కాలేయమున కణుతులు పుట్టినవి. చర్మముపై రాచి చూచిన ప్రయోగములో అట్టి ఫలితము రాలేదు. కాన్సరు మాట ఇక్కడినుండి బయలుదేరినది. కావున ఈ సీసాను పిల్లల చేతికి అందనీయరాదు. పుండ్లు, గీతలు ఉన్న తలకు వాడరాదు. వెండి నగలు నల్లబడును గనుక తీసి పక్కన పెట్టవలెను. ఇంతకు మించిన భయమునకు ఆధారము లేదు.

ఐరోపా నిషేధము జింకు పైరిథియోన్‌ను గూర్చినది. ఈ వార్తను చదివి, మన దుకాణములలోని సీసాలన్నియు విషమని తలచినవారు కలరు. 2022 మార్చి 1 నుండి ఐరోపా సమాఖ్యలో దీనిని సౌందర్యసామగ్రిలో కలుపరాదన్నది నిజమే. కాని అది ఎట్లు జరిగినదో తెలియవలెను. జంతువులకు తినిపించిన ప్రయోగముల ఆధారముగా ఈ పదార్థమును గర్భస్థశిశువునకు హానికరమైన తరగతిలో చేర్చిరి. ఆ తరగతిలో చేరిన వస్తువును సౌందర్యసామగ్రిలో ఉంచవలెనన్నచో, అది సురక్షితమని తేలుట ఒక్కటియే చాలదు. దానికి బదులు వేరొకటి లేదనియు చూపవలెను. అక్కడి శాస్త్రీయ సంఘమే, కడిగివేయు షాంపూలో నూటికి ఒక పాలు వరకు ఇది సురక్షితమని 2020లో అభిప్రాయము చెప్పినది. కాని చుండ్రుకు వేరు మందులు కలవు గనుక రెండవ షరతు నెరవేరలేదు, పదార్థము పోయినది. అమెరికాలోను, మన దేశములోను ఇది నేటికిని వాడుకలో ఉన్నది. ఐరోపావారి చట్టము ముందుజాగ్రత్తతో చేసినది, దానిని తప్పుపట్టనక్కరలేదు. ఆ చట్టమును విషపరీక్ష ఫలితముగా చదువుట మాత్రము పొరపాటు. గర్భవతులు వైద్యుని అడిగి వాడుట మంచిది. ఏ మందు విషయములోనైనను అది పాటింపవలసినదే.

జుట్టు రాలుట అన్నిటికంటె పెద్ద భయము. ఆరోగ్యవంతుని తలనుండియు దినమునకు 50 మొదలు 100 వరకు వెండ్రుకలు రాలుచుండును. నాలుగు దినములకు ఒకసారి తలంటుకొనువారికి ఆ నాలుగు దినములవియు ఒకేసారి చేతికి వచ్చును. చూచినవారికి గుండె గుభేలుమనుట సహజము. నేరము మాత్రము షాంపూది కాదు. దురదచే గోళ్ళతో గీకుకొనుటవలన రాలునవి అంతకంటె ఎక్కువ. అయితే మందు షాంపూ కొందరికి వెండ్రుకను పొడిగా, గరుకుగా చేయును. రంగు వేసికొన్న జుట్టుకు, నెరసిన జుట్టుకు రంగు మార్చును. కోల్ తారు నెరసిన వెండ్రుకలకు పసుపుచాయ తెచ్చుటయే గాక, తలచర్మము ఎండకు త్వరగా కమలునట్లు చేయును. రామగుండము ఎండలో పనిచేయువారు, చేలలో నాట్లు వేయువారు దీనిని వేసవిలో మానుకొనుట మంచిది. లేదా తలంటుకొన్న మరుదినము వరకు తలపాగా లేక బయటికి పోరాదు.

ఇక మన ప్రాంతపు విశేషమొకటి చెప్పవలసి ఉన్నది. ఇక్కడి బోరు నీరు చాల గ్రామములలో గట్టిది, అనగా సున్నపు లవణములు ఎక్కువగా కలది. అట్టి నీటిలో సబ్బు నురుగదు; విరిగిన పాలవలె తెల్లని మడ్డిగా మారి వెండ్రుకలకు పట్టుకొనును. ఆరిన పిమ్మట అది పొడిగా రాలును. చూచుటకు అచ్చము చుండ్రువలెనే ఉండును! తలకు బట్టల సబ్బు, ఒంటి సబ్బు రాచుకొనువారిలో కొందరు దీనినే చుండ్రు అనుకొని మందులు కొనుచున్నారు. షాంపూకును, కుంకుడురసమునకును గట్టి నీటితో ఈ చిక్కు లేదు. మందు కొనుటకు ముందు సబ్బును రెండు వారములు మానిచూచుట ఖర్చులేని పరీక్ష.

కుంకుడుకాయను గూర్చి మాకు చిన్నచూపు లేదు. అడవి పంటగా అంగళ్ళకు వచ్చు ఈ కాయలోని సాపోనిన్ అను పదార్థము జిడ్డును చక్కగా కడుగును. జిడ్డు తగ్గినచో శిలీంధ్రమునకు తిండి తగ్గును గనుక స్వల్పమైన చుండ్రు దీనితోనే అణగవచ్చును. కంటిలో పడినచో ఎట్లు మండునో చిన్ననాడు తలంటించుకొన్న ప్రతివారికిని తెలియును. అయితే ముదిరిన చుండ్రుకు కడుగుట ఒక్కటి చాలదు. శిలీంధ్రమును అణచు మందు కావలెను.

నూనె సంగతి చెప్పినచో పెద్దలకు కోపము రావచ్చును. తలకు దట్టముగా నూనె పెట్టి రాత్రియంతయు ఉంచినచో చుండ్రు తగ్గునని మన ఇండ్లలో నమ్మకము. పొట్టు నూనెకు అంటుకొని రాలకుండుటచే తగ్గినట్లు కనబడును, అంతే. క్రొవ్వుపై బ్రతుకు శిలీంధ్రమునకు అది విందు. తలంటుకొనుటకు ఒక గంట ముందు కొంచెము నూనె రాచి అట్టను మెత్తపరచి కడిగివేయుట వేరు, దినమంతయు ఉంచుకొనుట వేరు. గోదావరిఖని, శ్రీరాంపురము, మందమర్రి గనులలో పని చేయువారికి మరొక చిక్కు కలదు. గంటల తరబడి టోపీ క్రింద చెమట, వేడి నిలిచి ఉండును. నూనెతో పనికి దిగినచో చుండ్రు త్వరగా తిరుగబెట్టును. టోపీ లోపలి పట్టీని తరచుగ కడిగి ఆరవేసికొనుట వారికి షాంపూ అంత అవసరము.

వాడుకలో ఎక్కువమంది చేయుచున్న లోపము ఒకటి కలదు. షాంపూను నురుగు రాగానే కడిగివేయుచున్నారు. మందు పని చేయవలసినది వెండ్రుకపై కాదు, చర్మముపై. వెండ్రుకలను పాయలుగా విడదీసి, వ్రేళ్ళ కొనలతో చర్మమునకు పట్టించి, మూడు నిమిషములనుండి అయిదు నిమిషముల వరకు ఉంచి, పిదప బాగుగా కడుగవలెను. కీటోకొనజోల్ షాంపూను వారమునకు రెండుసార్లు చొప్పున రెండునుండి నాలుగు వారములు వాడి, అటుపిమ్మట వారమునకో రెండు వారములకో ఒకసారి వాడుచున్నచో చుండ్రు తిరిగి రాదు, వచ్చినను తక్కువగా వచ్చును. ఈ శిలీంధ్రమును తలనుండి శాశ్వతముగా వెడలగొట్టు మందు లేదు. చిన్న పొట్లము కొనువారు పొడవైన జుట్టుకు ఒకటి చాలక నీళ్ళు పోసి పలుచన చేసికొనుచున్నారు. అట్లు చేసినచో డబ్బు పోవును, చుండ్రు పోదు.

మా దృష్టిలో నిజమైన అపాయము షాంపూ సీసాలో లేదు. దాని పక్కనున్న ట్యూబులో ఉన్నది. దురద తగ్గలేదనగానే కొన్నిచోట్ల స్టెరాయిడు కలిపిన పూతమందు చేతికిత్తురు. రాచిన మరునాడే హాయిగా ఉండును. అందుకే దానిపై నమ్మకము కుదురును. నెలల తరబడి రాచినచో చర్మము పలుచనై రక్తనాళములు బయటపడును. మానగానే వ్యాధి రెండింతలై తిరిగివచ్చును. తామర ఉన్నచో లోలోపల ప్రాకిపోవును. కేంద్ర ప్రభుత్వము 2018లో పలు స్టెరాయిడు పూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన బిగించినది. కొనువారును చీటీ లేనిదే అడుగకుండుట అవసరము.

చుండ్రు కానిదానిని చుండ్రు అనుకొనుట మరొక అపాయము. బడిపిల్లవాని తలలో గుండ్రని మచ్చలుగా వెండ్రుకలు విరిగి, పొట్టు లేచుచున్నచో అది తలతామర కావచ్చును. అది అంటుకొనునది. షాంపూ దాని వ్యాప్తిని కొంత తగ్గించునే గాని నయము చేయజాలదు. వైద్యుడిచ్చిన మాత్రలు వారముల తరబడి వాడవలెను. వెండ్రుకకు గట్టిగా అంటుకొని దులిపినను రాలని తెల్లని గింజలు పేల ఈపులు. మందమైన వెండిపొలుసులు నుదుటి అంచు దాటి, మోచేతులపై, మోకాళ్ళపై కూడ ఉన్నచో సోరియాసిస్ అని అనుమానింపవలెను. పసిబిడ్డ మాడుపై కట్టు పసుపుపచ్చని అట్టకు మందు షాంపూ వలదు. కొద్ది నూనెతో మెత్తపరచి తేలికగా కడుగుచుండగా కొన్ని నెలలకు దానంతట అది పోవును. నాలుగు వారములు సరిగా వాడినను తగ్గని చుండ్రుకు రెండవ సీసా కొనుటకంటె ఆదిలాబాదు రిమ్స్ వంటి ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవైద్యునికి చూపుట చవుక.

వేములవాడలో తలనీలాలు సమర్పించినచో చుండ్రు పోవునా అనియు అడుగుచుందురు. మొక్కు మాట వేరు. శిలీంధ్రము వెండ్రుక పొడవున నివసించునది కాదు. చర్మముపైనను, వెండ్రుక మొదలునందలి రంధ్రములలోను ఉండును. కనుక జుట్టు తీసినంత మాత్రమున అది పోదు. కాని గుండు చేయించిన మొదటి నెలలో మందు నేరుగా చర్మమునకు తగులును. మామూలు కొలతలో సగము షాంపూ చాలును. మంగలికత్తి గీతలు మానువరకు, అనగా నాలుగైదు దినములు, మందు షాంపూలు ముట్టక వట్టి నీళ్ళతో కడుగుకొని, గీతలు పూర్తిగా మానిన పిమ్మట మొదలు పెట్టవలెను.