తెలుగు అక్షరాలు డబ్బాల్లాగ ఎందుకు కనబడతాయి?

నేస్తాలూ, ఒక కంప్యూటర్‌లో తెలుగు బాగా కనబడి ఇంకో దాంట్లో పిచ్చి గుర్తులొస్తే మిషన్ పాడయిందనుకోకండి. కంప్యూటర్‌కి అక్షరాలు రావు, అంకెలే వచ్చు. ఏ అంకె ఏ అక్షరమో అందరూ ముందే ఒప్పుకోవాలి. సంతలో ఒక్కో షావుకారికి ఒక్కో కుంచం ఉంటే మన కందులు ఒకరి దగ్గర మూడు కుంచాలు, ఇంకొకరి దగ్గర రెండున్నరే కదా!

2000 దాటిన కొత్తలో ఈనాడు వెబ్‌సైటు సొంత ఫాంటుతో వచ్చేది. ఇంగ్లీషు అక్షరాల అంకెల్లోనే తెలుగు ముక్కలు పెట్టేవారన్నమాట. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజరులో చక్కగా కనబడేది. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులే. అందుకని ఫైర్‌ఫాక్స్ వాళ్లు పద్మ అనే చిన్న ప్రోగ్రాం తగిలించుకుని, యూనికోడ్‌లోకి మార్చుకుని చదివేవారు. పేపరు ఒకటే, తిప్పలు ఎన్నో! ఆ ఎక్స్‌ప్లోరర్ కూడా 2022లో ఆగిపోయింది.

యూనికోడ్ అంటే ప్రపంచమంతా ఒప్పుకున్న పట్టిక. 1991లోనే అందులో తెలుగుకి 128 గళ్లు ఇచ్చారు. అందులో 'అ' అంకె 3077. ఏ బ్రౌజరులోనైనా, ఏ ఫోనులోనైనా అంతే.

మా సవర భాషకి 1936లో ఒడిశా వైపు మంగేయి గొమాంగో గారు సొరంగ్ సొంపెంగ్ లిపి చేశారు. దానికి యూనికోడ్‌లో చోటు 2012లో వచ్చింది. అయినా మన కంప్యూటర్‌లో చూస్తే డబ్బాలే. పిచ్చి గుర్తులంటే అంకె తప్పు. డబ్బా అంటే అంకె సరే, అక్షరం బొమ్మ, అదే ఫాంటు, లేదని. నోటో అనే ఫాంటుల్లో ఈ లిపిది కూడా ఉంది, డబ్బులక్కర్లేదు. వార్డెన్ మేడమ్ గారూ, అది ఎక్కించమని కంప్యూటర్ సార్‌కి చెప్పండి. మా అమ్మ పేరు ఆ అక్షరాల్లో చూడాలని ఉంది.